హంపమ్మ అడిగిన మాట

హంపమ్మ పని అచ్చు అతకడం. మగ్గం మీద ఒక పడుగు పూర్తయ్యాక నేతగాడు పాత పోగుల కొసలను అచ్చులోనే, అంటే పోగులను వరసగా ఉంచే దువ్వెనలాంటి చట్రంలోనే, వదిలి బట్ట కోసుకుంటాడు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఆ పాత కొసలకు కొత్త కొసలను ఒక్కొక్కటిగా కలపాలి. ముడి వేయకూడదు. వేస్తే అచ్చులో తగులుకుని తెగుతుంది. బూడిద అద్దుకున్న రెండు వేళ్ళ మధ్య రెండు కొసలనూ పెట్టి మెలి తిప్పాలి. చీరకు మూడు వేల చిల్లర పోగులు. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే సాయంత్రం నాలుగు దాటుతుంది. ఒక పోగు పక్క పోగు చోటికి పోతే, సరిచేసేదాకా నేసిన బట్ట పొడవునా సన్నటి గీత పడుతుంది.

ఎమ్మిగనూరులో చేతిమగ్గాలు తగ్గిపోయాక వాళ్ళ పేటలో ఈ పని తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు. హంపమ్మ ఒకరు, ఎదురింటి తిమ్మమ్మ ఒకరు. తిమ్మమ్మకు అరవై దాటాయి. చేయి నిదానం, నోరు వేగం. హంపమ్మకు యాభై. తల్లి దగ్గర నేర్చుకున్న పనిని పెళ్ళయ్యాక మానేసి, భర్త మునీంద్ర పోయాక మళ్ళీ మొదలుపెట్టింది. అది పదిహేడేళ్ళ కిందటి సంగతి.

మునీంద్ర చావు గురించి పేటలో ఇప్పటికీ ఒక మాట అంటారు, చౌడమ్మ పువ్వు తప్పింది ఆ ఒక్కసారేనని. హంపమ్మ దాన్ని ఒప్పుకోదు.

చౌడమ్మ నేతవాళ్ళ దేవత. పేట చివర ఆమె గుడి. ఒక గది, దాని ముందు రేకుల పంచ. తేల్చుకోలేని పని ఏదైనా ఉంటే శుక్రవారం పొద్దున పోయి పూలు అడుగుతారు. పూజారి గిడ్డమ్మ రెండు గన్నేరు పూలను నీళ్ళలో ముంచి అమ్మవారి రాతి భుజాలకు అటొకటి ఇటొకటి అంటిస్తుంది. అమ్మవారి కుడి భుజం పువ్వు ముందు పడితే కానిమ్మని, ఎడమది పడితే వద్దని. అడిగేవాళ్ళు తమ మాటను పైకి చెప్పాలి. గిడ్డమ్మ అదే మాటను అమ్మవారికి మళ్ళీ చెబుతుంది. మనసులో అనుకుని అడగడం ఆ గుడిలో లేదు.

మునీంద్రకు కడుపులో పుండు పడినప్పుడు కర్నూలు తీసుకుపోయి ఆపరేషన్ చేయించమన్నారు. హంపమ్మ పూలు అడిగింది. కుడిది పడింది. తీసుకుపోయింది. ఆపరేషన్ అయిన పదకొండో రోజు మునీంద్ర అక్కడే పోయాడు. దినాలకు వచ్చినవాళ్ళు చౌడమ్మ ఇట్ల చేసిందేమని నొచ్చుకున్నారు. అప్పుడు హంపమ్మ చెప్పిన మాటను తిమ్మమ్మ ఇప్పటికీ ఉన్నదున్నట్టు చెబుతుంది.

"కర్నూలుకు పిలుచుకుపోయేదా అని నేను అడిగితి. పిలుచుకుపొమ్మనె. బతుకుతాడా అని నేను అడగలా. అడిగేదానికి ధైర్యం లేకపాయ. అడగనిదానికి ఆయమ్మ ఎట్ల చెప్తాది?"

ఆ తర్వాత కూడా ఆమె గుడికి పోవడం మానలేదు. కూతురు శ్రావణికి రెండు సంబంధాలు వస్తే అడిగి ఒకటి ఖాయం చేసింది. ఇల్లు అమ్మమని బంధువులు పట్టుబడితే అడిగింది. ఎడమది పడింది, అమ్మలేదు. గిడ్డమ్మ లెక్కలో ఎవరైనా ఒక మాటను మూడు శుక్రవారాలు అడగవచ్చు. హంపమ్మ మాత్రం ఏ మాటనూ రెండోసారి అడగలేదు.

గోపన్న మగ్గం రెండు వీధుల అవతల. అతనికి యాభై ఏడు. పిల్లలు లేరు. భార్య సుబ్బలక్ష్మమ్మ నాలుగేళ్ళ కిందట పోయింది. ఆమె ఉన్నన్నాళ్ళు అచ్చు అతికే రోజున పోగులు అందించే పని ఆమెదే. ఆమె పోయాక గోపన్నే అందిస్తున్నాడు. అతికే మనిషి ఒక పక్క, అందించే మనిషి ఒక పక్క, నడుమ పోగులు. వీధి తలుపు తెరిచే ఉంటుంది. ఏడాదికి ఏడెనిమిది పడుగులు. మొదటి ఏడాది ఇద్దరూ పని మాటలే మాట్లాడుకున్నారు. రెండో ఏడాది నూలు ధరలు, మోకాళ్ళ నొప్పులు, శ్రావణి కాన్పు, బేతంచెర్లలో ఉన్న గోపన్న తమ్ముడి సంగతులు వచ్చాయి. మూడో ఏటికి ఏమీ మాట్లాడకుండా కూడా కూర్చోగలిగారు.

ఈ ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, అన్నాలు తిని మళ్ళీ కూర్చున్నాక, గోపన్న గొంతు సవరించుకున్నాడు.

"హంపమ్మా, ఒగ మాట."

"ముందు పోగియ్యప్పా."

ఇచ్చాడు.

"నాకు యాభై ఏడు."

"నీ వయసు నాకెందుకప్పా."

"నీకు నలభై తొమ్మిదంట. తిమ్మక్క చెప్పింది."

"తిమ్మక్క చెప్పేది నమ్మితే నువ్వు బాగుపడినట్లే. ఇంకోటియ్యి."

"నన్ను చెప్పనీ."

"చెప్పు. చేతులు మాత్రం ఆపాకు."

గోపన్న చేతులు ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. "నేను ఒక్కడినే ఉండా. నువ్వూ ఒక్కదానివే ఉండావు. ఇద్దరం ఒక ఇంట్లో ఉంటే బాగుంటాదని నాకు అనిపిస్తాండాది. ఊరికే కాదు. నలుగురికీ చెప్పి, మారుమనువు చేసుకుని."

హంపమ్మ చేతిలో ఉన్న పోగును తిప్పింది. తర్వాతిది అందుకుని తిప్పింది.

"ఎన్ని దినాల నుంచి?"

"ఏమి?"

"అనిపిస్తాండేది."

"పోయిన దసరా పడుగు కాడ నుంచి."

"మల్ల ఆ పొద్దే ఏంటికి చెప్పలా?"

"ఆ పొద్దు నీకు జ్వరముండె."

నాలుగున్నరకు పని అయింది. హంపమ్మ బూడిద చేతులు కడుక్కుని, చూస్తాను అని చెప్పి వచ్చేసింది. ఆ రోజు అతికినదాంట్లో రెండు పోగులు చోటు మారాయి. ఆమె చేతిలో అట్లాంటిది జరిగినట్టు పేటలో ఎవరికీ గుర్తులేదు. గోపన్న మరుసటి రోజు నేతలో గీత చూసి, వెతికి, తానే సరిచేసుకున్నాడు. ఆమెకు చెప్పలేదు.

శ్రావణి కర్నూల్లో ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది. ఆదివారం తల్లికి ఫోన్ చేసింది.

"మా, గోపన్న మామ నీతో మాట్లాడినాడా?"

"నీకెవురు చెప్పిరి?"

"ఆయప్పే చెప్పినాడు. పది దినాలాయ. ముందు నన్నే అడిగినాడు. మీ అమ్మను ఇట్ల అడగాలనుకుంటాండా, నీకు కష్టమైతే అడగను అనె."

"నువ్వేమంటివి?"

"అడుగు మామా అంటి."

"మీ ఆయన?"

"ఆయనకేముండాది. ఇన్నాళ్ళకు అత్తగారింటికి పోతే మాట్లాడేదానికి ఒక మొగమనిషి దొరికె అన్నాడు."

హంపమ్మకు నవ్వొచ్చింది. కూతురికి వినపడకుండా ఆపుకుంది.

"ముందు నీకు ఇష్టమో కాదో చెప్పు మా."

"నాకు తెలీదు పాపా."

"తెలీకపోయేదానికి ఏముండాది అందులో?"

"మొగుడు లేకుండా ఎట్ల ఉండాలో నాకు తెల్సు. పదిహేడేండ్లు ఉండా. ఇది ఎట్ల ఉండాలో తెలీదు. ఎవురినన్నా చూసి నేర్చుకుందామంటే మన పేటలో చూసేదానికి ఎవురూ ల్యారు."

అది నిజమే. పాతకాలంలో ఆ వైపు ఉడికె అని ఒక పద్ధతి ఉండేదని, మొగుడు పోయిన ఆడమనిషికి ఐదుగురి ముందు కొత్త చీర పెట్టి ఇంటికి తెచ్చుకునేవాళ్ళని ఆమె అవ్వ చెప్పేది. హంపమ్మకు బుద్ధి తెలిశాక అట్లాంటిది ఆ వీధుల్లో ఒక్కటీ జరగలేదు. యాభై ఏళ్ళ ఆడవాళ్ళకు ఆ పేటలో చేయడానికి పనులున్నాయి. మనవళ్ళను ఎత్తుకుంటారు, కండెలు చుడతారు, కోడళ్ళ మీద చెప్పుకుంటారు. వాటిలో దేనికైనా హంపమ్మ సిద్ధంగానే ఉంది.

"అయితే చౌడమ్మను అడుగు," అంది శ్రావణి.

"అడగాల."

అడగడానికి ఒక అడ్డం ఉంది. గిడ్డమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు, చెవులు సరిగా వినపడవు. ఆమెకు వినపడేట్టు చెబితే పంచలో కూర్చున్నవాళ్ళందరికీ వినపడుతుంది. హంపమ్మ ఆ సంగతిని రెండు వారాలు ఆలోచించి, మే నెలలో ఒక శుక్రవారం ఎండ ముదరకముందే పోయింది. అప్పటికే ఏడుగురు ఆడవాళ్ళున్నారు. ఒకామె బోరు ఎక్కడ వేయాలో అడిగింది. ఒకామె కొడుకును ఆదోని మిల్లుకు పంపాలా వద్దా అని అడిగింది. తర్వాత హంపమ్మ వంతు.

"ఏమి అడగాల హంపీ?" అంది గిడ్డమ్మ. వినపడనివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అడిగింది.

"గోపన్న ఇంటికి," అని హంపమ్మ ఆగింది.

"యాడికి?"

"గోపన్న ఇంటికి... పనికి పోయేదా, వద్దా అవ్వా."

మాట అట్లా వచ్చింది. వెనక నుంచి ఎవరో, "ఏంటికి, ఆయప్ప ఏమన్నా అన్నాడా?" అన్నారు.

"ఏమీ అనలా," అంది హంపమ్మ, తల తిప్పకుండా.

గిడ్డమ్మ ఆ మాటనే అమ్మవారికి చెప్పి పూలు అంటించింది. హంపమ్మ చేతులు జోడించేలోపే ఎడమది పడింది.

"వద్దంట," అంది గిడ్డమ్మ. తర్వాతి మనిషికి చోటివ్వమని చేయి ఊపింది.

కుడిది పడితే దాన్ని పనికీ మనువుకూ రెండింటికీ సరేనని తీసుకుందామని హంపమ్మ అనుకుంది. ఇప్పుడు పడింది ఎడమది. జూన్ మధ్యలో గోపన్నకు కొత్త పడుగు వచ్చింది. రమ్మని కబురు పెట్టాడు. రాను, తిమ్మక్కను పిలుచుకోమని హంపమ్మ చెప్పి పంపింది. కారణం చెప్పలేదు.

తిమ్మమ్మ పోయింది. ఒక రోజు పనికి ఆమెకు మూడు రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం నేరుగా హంపమ్మ ఇంటికి వచ్చి, గడపలో కూర్చుని, వేళ్ళు విరుచుకుంది.

"ఏమ్మే, ఆయప్ప మింద అలిగినావా?"

"అలిగేదానికి నేనేమన్నా కొత్త పెండ్లికూతురా అక్కా."

"ఎవురికి తెల్సు, అవుతావేమో. నా దగ్గర దాచాకు. నీ వయసెంత అని ఆయప్ప నన్ను అడిగిన పొద్దే నాకు తెల్సు. ఒక ఏడు తగ్గించి చెప్తి. నీ మంచికే."

హంపమ్మ మంచినీళ్ళ చెంబు ఆమె ముందు పెట్టింది. తిమ్మమ్మ తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు అసలు సంగతి చెప్పింది.

"ఈ పడుగు అయిపోతానే మగ్గం విప్పేస్తాడంట. బేతంచెర్లలో తమ్ముడుండాడు గదా, బండల ఫ్యాక్టరీలో. ఆడ గేటు కాడ కూర్చునే పని ఉండాదంట. తమ్ముని ఇంట్లోనే ఉంటాడంట. ఇల్లు కూడా ఎవురికో బాడుగకు మాట్లాడినాడు. హంపమ్మ రానని చెప్పి పంపె, ఇంగ నాకీడ ఏముండాది తిమ్మక్కా అనె."

"నేను పనికి రానంటి."

"ఆయప్ప రెంటికీ అదే జవాబనుకునె. ఎవురైనా అట్లనే అనుకుంటారు."

హంపమ్మ గుడిలో జరిగింది చెప్పింది. తాను ఏం అడగడానికి పోయింది, నోటికి ఏం వచ్చింది, ఏ పువ్వు పడింది. తిమ్మమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా ఆగలేదు.

"దీనికా ఇంత. పనికి వద్దనె, అంతే గదా. పని చెయ్యాకు. ఊరికే పో. ఆయప్ప ఇంట్లో కాలు మింద కాలేసుకుని కూర్చో. చౌడమ్మ మాటా నిలబడె, నీదీ ఆయ."

"అట్ల తిప్పుకుండేదానికి ఆయమ్మ మాటేమన్నా కోర్టు కాయితమా అక్కా."

"మల్లేం చేస్తావు?"

"తప్పు నాదే. మనసులో ఒకటి పెట్టుకుని నోటితో ఇంకోటి అడిగితి. మునీంద్రకు బాగాలేనప్పుడు బతుకుతాడా అని అడగలేకపోతి. అడగలేకపోతి, అంతే. అబద్ధం అడగలా. ఈసారి అబద్ధం అడిగితి."

"అయితే నిజం అడుగు పో. గిడ్డవ్వ చెవిలో చెప్పు."

"గిడ్డవ్వ చెవిలో చెప్పాలంటే మైకు కావాల."

పడుగుకు ఆరు చీరలు. గోపన్నకు వారానికి ఒకటి నేత పూర్తయి తెగుతుంది. మొదటి చీర తెగిన శుక్రవారం హంపమ్మ తలస్నానం చేసి గుడిదాకా పోయి, జనాన్ని చూసి, వీధిలోనుంచే దండం పెట్టుకుని వచ్చింది. రెండో శుక్రవారం ఒక పెళ్ళివాళ్ళు పూజకు వచ్చి ఉన్నారు. మూడో వారం పని పెట్టుకుంది. నాలుగో వారం గిడ్డమ్మకు ఒంట్లో బాగాలేదని విని, నిజమో కాదో కనుక్కోలేదు. ఆమె భయం నలుగురిలో చెప్పడం ఒక్కటే కాదు. ఎడమది పడితే ఇంక ఆ మాట లేదు. కుడిది పడితే పోవాలి. రెండూ ఆమెకు ఒకేలా భయంగానే ఉన్నాయి. నాలుగో చీర తెగిందని, ఐదోది తెగిందని తిమ్మమ్మ ఆ ఇంటి ముందుగా పోయి వచ్చినప్పుడల్లా చెబుతూ ఉంది. ఆరోది మగ్గం మీద ఉండగా ఆషాఢం అయిపోయింది. ఆషాఢమంతా వాయిదా వేసినందుకు ఆమెకు మిగిలింది శ్రావణ శుక్రవారం. ఏడాదిలో ఆ గుడి అంత నిండేది ఇంకెప్పుడూ లేదు.

పంచ నిండిపోయి ఆడవాళ్ళు వీధిలో కూడా నిలబడ్డారు. కొత్త చీరలు, గాజులు, పసుపు కాళ్ళు. హంపమ్మ ఉతికిన నేత చీర కట్టుకుని వరసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి పది దాటింది.

"ఏమి అడగాల హంపీ?"

"మారుమనువు అవ్వా."

"ఏందీ?"

"మారుమనువు చేసుకునేదా అని."

"ఎవురికి?"

"నాకే. గోపన్నను. మగ్గం గోపన్నను నేను మారుమనువు చేసుకునేదా, వద్దా. అది అడుగు."

వెనక మాటలు ఆగిపోయాయి. గిడ్డమ్మ ఆమె ముఖాన్ని ఒకసారి చూసింది. అమ్మవారి వైపు తిరిగి, మామూలు గొంతుతోనే, అంటే వీధి చివరకు వినపడేట్టు, ఆ మాటను పేర్లతో సహా చెప్పింది. పూలు ముంచి, విదిలించి, అంటించింది.

వెనక మాటలు మళ్ళీ మొదలయ్యాయి.

"ఈ వయసులో ఏందమ్మా ఇది."

"ఏం, ఈ వయసులో కాళ్ళు నొప్పి పెట్టవా, పట్టేవాళ్ళు వద్దా?"

"ఆయప్ప కాళ్ళు ఈమె పట్టాల, ఈమెవి ఆయప్ప పట్టేది యాడ."

కొందరు నవ్వారు. హంపమ్మ అన్నీ వింది. ఆరు వారాలు భయపడింది ఇదే. తీరా చూస్తే ఇది ఇంతే.

పూలు పడలేదు. గిడ్డమ్మ దీపంలో నూనె పోసింది. ఇంకో ఇద్దరికి తీర్థం ఇచ్చింది. పూలు అట్లాగే ఉన్నాయి.

"నీళ్ళు ఎక్కువ పెట్టినావేమో అవ్వా," అంది ముందు వరసలో ఒకామె.

గిడ్డమ్మకు ఇది మాత్రం వినపడింది. "నలభై ఏండ్లుగా పెడతాండా. ఎంత పెట్టాలో నువ్వు చెప్తావా?"

హంపమ్మ చేతులు జోడించుకుని పూలవైపే చూస్తూ కూర్చుంది. కర్నూలు ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. అక్కడ పదకొండు రోజులు గోడకు ఆనుకుని కూర్చుంది. ముందు ఏం జరుగుతుందో తెలియదు, డాక్టరు మాటలు సగం అర్థమయ్యేవి కావు, ఊళ్ళో శ్రావణి ఎవరి దగ్గర తింటోందో తెలియదు. అయినా అక్కడ చౌడమ్మ వెంట లేదని, తాను ఒక్కతే ఉన్నానని ఆమెకు ఒక్క గంట కూడా అనిపించలేదు. మునీంద్ర పోయినరోజు కూడా అనిపించలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే, మరి మనిషి దక్కలేదు కదా అంటారు.

అరగంట గడిచింది. దీపం వేడికి పూరేకులు వాడి రాతికి అతుక్కుపోయాయి. గిడ్డమ్మ దగ్గరికి పోయి చూసింది.

"పువ్వు ఇయ్యలా. ఒక్కోసారి ఇయ్యదు. వచ్చే శుక్రవారం రా, మల్లా అడుగుదాం."

"నేను చెప్పింది ఆయమ్మ విన్నది గదా అవ్వా?"

"ఏందీ?"

"విన్నది గదా అంటాండా."

"వినకుండా ఏమి. చెవుడు నాకు, ఆయమ్మకు కాదు."

"అయితే మల్లా అడగనులే."

"మల్లేం చేస్తావు?"

హంపమ్మ వంగి నేలకు తల ఆనించింది. తీర్థం తీసుకుని లేచింది. దారిలో కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు.

గోపన్న ఇంటికి ఆ గుడి నుంచి పది నిమిషాల నడక. మగ్గం చప్పుడు వీధిలోకి వినపడుతోంది. ఆమె అరుగు దగ్గర ఆగింది.

"ఎవురూ?" చప్పుడు ఆగలేదు.

"నేను."

ఆగింది.

"లోపలికి రా."

"ఈడనే ఉంటాలే."

గోపన్న మగ్గం గుంతలోనుంచి లేచి వచ్చాడు. కాళ్ళు పట్టేసినట్టున్నాయి, గోడ పట్టుకుని నడిచాడు. వాకిట్లో నిలబడి ఆమెను చూశాడు. ఇల్లు సగం ఖాళీగా కనిపిస్తోంది. ఒక మూల రెండు గోనెసంచులు మూతి కట్టి ఉన్నాయి.

"ఇంకా ఎంతుండాది?" అంది హంపమ్మ.

"రెండు మూరలు. ఈ పొద్దు తెగుతాది."

"నేను చౌడమ్మను అడిగితి. మొదట తప్పు అడిగితి, నీ ఇంటికి పనికి వచ్చేదా అని. వద్దనె. అందుకే రాకపోతి. అది పనికి జవాబు. నువ్వు ఇంకోదానికి అనుకుంటివి."

గోపన్న చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఈ పొద్దు సరిగా అడిగితి. పేటంతా విన్నది."

"ఏమనె?"

"ఏమీ అనలా. రెండూ అట్లనే అతుక్కోనుండాయి."

అతను వాకిలి చెక్కను పట్టుకున్నాడు. "వచ్చే వారం మల్లా అడుగుతావా?"

"అడగను. విన్నది. ఒకసారి విన్నదాన్ని మల్లా చెప్తే, విన్నదో లేదో అని నాకు అనుమానమున్నట్ల. వద్దనేదైతే ఎడమది పడేది, దానికి ఎంతసేపు."

"కుడిదీ పడలేదు గదా."

"పడలా."

"మల్ల?"

హంపమ్మ వీధి వైపు ఒకసారి చూసి మళ్ళీ అతని వైపు తిరిగింది. "నాకు భయంగానే ఉండాది. కర్నూలు పోయేనాడు కూడా ఇంత భయం లేకుండె. అప్పుడు పో అనింది, పోతి. ఇప్పుడు పో అనలా, వద్దనలా. అట్లని ఆయమ్మ నన్ను ఇడిసిపెట్టి యాడికి పోతాది. నేను వస్తా. నీకు ఇంకా ఇష్టముంటే."

"లేకుండా పోయేదానికి నడుమ ఏమాయ?"

"బేతంచెర్ల ఆయ గదా."

"అది ఇష్టమయి పోతాండానా."

"ఇంకోటి," అంది హంపమ్మ. "ఈ ఇంట్లో అచ్చు నేను అతకను. ఎప్పటికీ. ఆ మాట ఆయమ్మ చెప్పేసింది. తిమ్మక్కనే పిలవాల."

"తిమ్మక్క మూడు దినాలు చేస్తాది. మూడు దినాలూ మాట్లాడతాది."

"మాట్లాడనీ."

గోపన్న నవ్వాడు. కూర్చోమని అరుగు చూపించి లోపలికి పోయాడు. హంపమ్మ కూర్చుంది. గుడి నుంచి తిరిగి పోతున్న ఆడవాళ్ళు ఇద్దరు ఆమెను చూసి నడక నిదానం చేశారు. ఆమె వాళ్ళను చూసి తలూపింది. వాళ్ళూ తలూపి పోయారు.

లోపల గోపన్న తమ్ముడికి ఫోన్ చేస్తున్నాడు. అవతల ఫ్యాక్టరీ చప్పుడు ఉన్నట్టుంది, రావడం లేదని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎందుకని అడిగి ఉంటాడు. హంపమ్మ అరుగు మీద కదలకుండా కూర్చుని వింటోంది.

"మనిషుండాదిరా ఈడ," అన్నాడు గోపన్న.